ఎనిగ్‌మెయిల్: రెండు ప్రోగ్రాముల నడుమ ఇరుకు బతుకు

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామును విడుదల చేసిన నాటి నుంచీ ఈమెయిల్‌ను రహస్యంగా పంపే విద్య జనం చేతిలో ఉంది. 1999లో జర్మనీలో వెర్నర్ కాఖ్ గ్నూపీజీ 1.0తో దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందించారు. కానీ అది కమాండ్లు కొట్టి వాడుకోవాల్సిన ప్రోగ్రాము. ఉత్తరం రాసే చోటే ఒక బటన్ ఉండాలన్న కోరిక సహజం. రామలింగం శరవణన్ 2001లో మొజిల్లా మెయిల్ కోసం రాసిన ఎనిగ్‌మెయిల్ ప్లగిన్ ఆ బటన్‌ను తెచ్చింది. 2003 నుంచి ప్యాట్రిక్ బ్రున్‌ష్విగ్ దాని బాధ్యత మోశారు.

బటన్ ఒక్కటే చాలదని అప్పటికే తెలుసు. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ 12 మందిని యూడోరా మెయిల్ ముందు కూర్చోబెట్టి, పీజీపీ 5.0 ప్లగిన్ ఇచ్చి, 90 నిమిషాల గడువు పెట్టారు. డిజిటల్ సంతకం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి సరిగ్గా పంపగలిగింది మూడోవంతు మందే. ముగ్గురైతే రహస్యాన్ని మామూలు మెయిల్‌లోనే పంపేశారు.

ఎనిగ్‌మెయిల్ కష్టాలు ఇంకా లోతైనవి. అది తనంతట తాను ఒక్క అక్షరాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసేది కాదు. గ్నూపీజీ చేత చేయించి, జవాబు చదివి, మొజిల్లా వారి మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ తెరమీద చూపాల్సివచ్చేది. సంతకం సరైనదైతే గ్నూపీజీ ‘గుడ్‌సిగ్’ అని ఒక లైను పంపుతుంది. ఆ లైన్లూ, గ్నూపీజీ రాసే మామూలు లాగ్ సందేశాలూ ఒకే పైపులో వచ్చేవి. ఇందులోని ప్రమాదాన్ని 2018లో మార్కస్ బ్రింక్‌మన్ బయటపెట్టారు. ఎన్‌క్రిప్ట్ అయిన సందేశంలో అసలు ఫైలు పేరు రాసేందుకు కాస్త చోటు ఉంటుంది. అక్కడ ఒక కొత్త లైను మొదలుపెట్టి, గ్నూపీజీ భాషలోనే ‘గుడ్‌సిగ్’ అని రాస్తే చాలు. లాగ్‌లో ఎక్కువ వివరాలు రాయించే వెర్బోస్ సెట్టింగ్ పెట్టుకున్న కంప్యూటర్లలో గ్నూపీజీ ఆ పేరును ఉన్నదున్నట్టు పైపులోకి వదిలేది. ఎనిగ్‌మెయిల్ దాన్ని నమ్మి, ఎవరూ చేయని సంతకాన్ని అసలైనదిగా చూపేది. గూఢలిపి జోలికి పోకుండానే పని జరిగిపోయేది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టే లోపం ఇదే.

అదే ఏడాది మే నెలలో ఈఫెయిల్ దాడి వెలుగుచూసింది. దొంగిలించిన ఎన్‌క్రిప్టెడ్ మెయిల్‌కు ముందొక ముక్క, వెనకొక ముక్క తగిలిస్తారు. ముందు ముక్కలో ఒక చిత్రం చిరునామా మొదలవుతుంది, కానీ దాని కొటేషన్ గుర్తు మూసుకోదు. అది మూసుకునేది వెనక ముక్కలో. మెయిల్ ప్రోగ్రాము మూడింటినీ ఒకే పేజీగా అతికిస్తే, విప్పిన రహస్యం చిత్రం చిరునామాలో భాగమైపోతుంది. బయటి చిత్రాలు తెచ్చుకునే అనుమతి ఉంటే, ఆ రహస్యం నేరుగా దొంగ సర్వర్‌కు చేరుతుంది. ముక్కలను ఎలా అతికించి చూపాలో నిర్ణయించేది థండర్‌బర్డ్, మాట మాత్రం ఎనిగ్‌మెయిల్ కూడా పడింది.

ఎనిగ్‌మెయిల్ సొంత తప్పులూ లేకపోలేదు. 2014లో 1.7 వెర్షన్, బీసీసీలో మాత్రమే పేర్లున్న మెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేయమన్నా చేయకుండానే పంపేది. 1.7.2లో సరిచేశారు. రహస్యం కాపాడుతుందని నమ్మిన మనిషికి ఇంతకు మించిన ద్రోహం లేదు.

చివరికి థండర్‌బర్డే తన అంతర్నిర్మాణాన్ని మార్చుకుంది. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌లో పాత తరహా యాడ్-ఆన్లకు చోటు లేదు. ఇల్లు కూల్చి కట్టుకుంటానంటే అద్దెకున్నవాడు ఏం చేస్తాడు? ఎన్‌క్రిప్షన్‌ను థండర్‌బర్డ్ తనలోనే కలుపుకుంది. గ్నూపీజీకి ఉన్న జీపీఎల్ లైసెన్సు థండర్‌బర్డ్ లైసెన్సుతో పొసగకపోవడంతో దాన్ని జతచేయలేక ఆర్ఎన్‌పీ అనే లైబ్రరీని ఎంచుకున్నారు. కొత్త వెర్షన్‌లో ఎనిగ్‌మెయిల్‌కు మిగిలిన పని, వాడుకరుల ఎన్‌క్రిప్షన్ కీలను అందులోకి చేర్చడం.

ఎన్‌క్రిప్షన్ థండర్‌బర్డ్ లోపలికి వచ్చినంత మాత్రాన చిక్కులు తీరలేదు. 78.8.1 నుంచి 78.10.1 వరకు దిగుమతి చేసుకున్న ప్రైవేట్ కీలు మాస్టర్ పాస్‌వర్డ్ రక్షణ లేకుండా డిస్కులో పడి ఉండేవి. 2021లో 78.10.2తో ఆ లోపం పోయింది. ప్రైవేట్ కీని స్మార్ట్‌కార్డులో దాచుకునేవాళ్ల కోసం మాత్రం బయటున్న గ్నూపీజీని పిలిచే దారి ఒకటి తెరిచి ఉంచక తప్పలేదు.