గోల్ఫ్ టోర్నీలో నా ఫోన్ చేసిన ఒక్క 'క్లిక్'

ఫోన్ కెమెరా రివ్యూ అనగానే మనం ముందు చూసేవి ఏంటి? జూమ్, మెగాపిక్సెల్స్, నైట్ మోడ్. నేనూ అంతే. ఒక గోల్ఫ్ టోర్నీ కవర్ చేయడానికి వెళ్లేదాకా షట్టర్ సౌండ్ గురించి ఒక్క లైన్ కూడా రాయలేదు.

మాది మేడ్చల్. గోల్కొండ కోట నయా ఖిలా పక్కనున్న గోల్ఫ్ కోర్సులో ప్రొఫెషనల్ టోర్నీ ఉందని తెలియగానే, 'ఫోన్‌తోనే కవరేజీ చేయొచ్చా?' అని ఒక స్టోరీ అనుకున్నా. మీడియా పాస్ దొరికింది. జూమ్ బాగుందని, మా బావ జపాన్‌లో కొనుక్కున్న ఫోన్ అడిగి తీసుకున్నా.

ముందు వారం అంతా ప్రాక్టీసే. గాల్లో చిన్న బంతిని ఫాలో అవ్వడానికి మేడ్చల్‌లో పిల్లలు ఆడే క్రికెట్ షూట్ చేశా. గాలిలో మైక్ ఎలా ఉందో శామీర్‌పేట చెరువు కట్ట మీద చూశా. అన్నీ ఓకే. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తెల్లారకముందే ఓఆర్ఆర్ ఎక్కేశా.

తాడు లోపల

గోల్ఫ్‌లో ఆట ఒకచోట జరగదు. 18 హోల్స్ మీద ఒకేసారి చాలా గ్రూపులు ఆడుతుంటాయి. అందుకే కొంతమంది రిపోర్టర్లు మీడియా రూమ్‌లో స్కోర్ స్క్రీన్ ముందు కూర్చుని, ఎవరు ముందుకొస్తున్నారో చూసి అటు పరిగెడతారు. ఫోటోగ్రాఫర్లు మాత్రం ఆటగాళ్లతో పాటే కిలోమీటర్లు నడుస్తారు. చేతికి బ్యాండ్ ఉన్నవాళ్లే తాడు దాటి లోపలికి వెళ్లాలి.

రెండో రోజు. ఒక ఆటగాడు క్లబ్ పైకెత్తాడు. నేను బర్స్ట్ నొక్కా.

టక్-టక్-టక్-టక్!

ఆయన మధ్యలోనే ఆగిపోయి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. మళ్లీ నిలబడి కొట్టాడు. బంతి పొదల్లోకి పోయింది.

పక్కనున్న సీనియర్ ఫోటోగ్రాఫర్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "తమ్ముడూ, ఏందా సౌండ్? సైలెంట్‌ల పెట్టలేదా?"

"పెట్టానన్నా!"

పెట్టిన మాట నిజమే. కానీ జపాన్, దక్షిణ కొరియాల్లో అమ్మే ఫోన్లలో సాధారణంగా షట్టర్ సౌండ్ ఆపే ఆప్షన్ ఉండదు. చాటుగా ఫోటోలు తీయకుండా ఆ ఏర్పాటు. నా ప్రాక్టీసంతా పిల్లల అరుపుల్లో, చెరువు గాలిలో కదా, నాకు అది వినపడనే లేదు. తమాషా ఏంటంటే ఫోన్‌లో కదిలే షట్టరే లేదు. అది ఉత్త రికార్డింగ్!

ఆ అన్న చెప్పిన పాఠం

"డీఎస్ఎల్ఆర్ రోజులల్ల బాల్‌కు క్లబ్ తగిలినంకనే నొక్కేటోళ్లం" అన్నాడాయన. లోపలి అద్దం చప్పుడు చేస్తుంది కాబట్టి. 2017లో సోనీ ఏ9 వచ్చాక సెకనుకి 20 ఫోటోలు, అదీ చప్పుడు లేకుండా తీసే వీలు కలిగింది.

మరి ఫోన్‌తో? స్లో మోషన్ వీడియో ఉంది కదా అంటారు. చిన్న లెక్క చూడండి. ప్రో కొట్టిన డ్రైవ్ గంటకు 270 కిలోమీటర్ల దాకా పోతుంది. 240 ఎఫ్‌పీఎస్‌లో కూడా రెండు ఫ్రేముల మధ్య బంతి దాదాపు ఒక అడుగు దాటేస్తుంది. క్లబ్ బంతిని తాకేది సుమారు అర మిల్లీసెకను మాత్రమే, ఆ క్షణం ఫ్రేములో పడితే అదృష్టం. పైగా సెన్సర్ లైన్ లైన్‌గా చదువుతుంది కాబట్టి క్లబ్ కర్ర వంగినట్టు కనిపిస్తుంది.

అమెరికాలో జరిగే మాస్టర్స్ టోర్నీలో ప్రేక్షకులు అసలు ఫోనే తేకూడదు. ఇదేం రూల్ అని ఒకప్పుడు నవ్వుకున్నా. ఇప్పుడు నవ్వు రాదు.

ఆ సాయంత్రం కట్ దాటినవాళ్ల లిస్టులో ఆయన పేరు లేదు. కట్ దాటకపోతే ప్రైజ్ మనీ ఉండదు. నా క్లిక్ వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. వెళ్లి సారీ చెప్పా. "నెక్స్ట్ టైం చూసుకో" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా టెస్ట్

మర్నాడు పొద్దున్నే శామీర్‌పేట జింకల పార్కుకి వెళ్లా. జనం లేరు. దూరంగా జింకలు మేస్తున్నాయి. ఒక్క ఫోటో తీశా. అన్నీ ఒకేసారి తలలెత్తాయి.

అప్పట్నుంచి ప్రతి ఫోన్‌నీ ముందు ఒక నిశ్శబ్దమైన గదిలో చూస్తున్నా: సింగిల్ షాట్, బర్స్ట్, వీడియో స్టార్ట్, మూడూ సైలెంట్‌లో. ఫోన్ ఇంపోర్టెడ్ అయినా, సెకండ్ హ్యాండ్ అయినా మీరూ ఇది చేయండి. స్పెక్ షీట్‌లో ఈ లైన్ ఉండదు. పెళ్లిలోనో, క్లాసులోనో, గోల్ఫ్ కోర్సులోనో అందరి ముందు తెలుసుకునే కంటే, ఇంట్లోనే తెలుసుకోవడం మేలు.