తొలకరి వాసన, మట్టిలోని మందు

మృగశిర కార్తె ప్రవేశించి తొలిజల్లు పడినంతనే పాల్వంచ మొదలుకొని కిన్నెరసాని మీదుగా భద్రాచలము వరకు గల యడవి యంతయు నొక కమ్మని వాసనతో నిండును. ఎండకు బీటలు వారిన చల్కానేలను దున్నబోవు రైతును, ఇప్పచెట్టు క్రింద నిలిచిన పశువుల కాపరియు దాని నెరుగుదురు. అది వాన వాసన యని మనము వాడుకగా ననుచుందుము. విచారించి చూడగా అందలి ముఖ్యభాగము మట్టిలో కాపురముండు స్ట్రెప్టోమైసిస్ అను బాక్టీరియా జాతి తయారుచేసినదని తెలియుచున్నది.

ఈ జీవులు కంటికి కనబడనంత చిన్నవి. అయినను తక్కిన బాక్టీరియావలె ఒంటరి కణములుగా నుండక, బూజువలె సన్నని దారములుగా సాగి అల్లుకొనును. అందుచేతనే వీనిని శిలీంధ్రములలో జేర్చవలెనా, బాక్టీరియాలలో జేర్చవలెనా యని పూర్వపు పండితులు చాలకాలము తగవులాడిరి. వేసవిలో నేల యెండిపోవునప్పుడు ఇవి విత్తనములవంటి బీజకణములను గట్టి, వాన కొరకు వేచియుండును. వాని వాసన ద్రవ్యమునకు 1965లో జియోస్మిన్ అని పేరిడిరి. గ్రీకు భాషలో భూమి వాసన యని దాని యర్థము. గాలిలో లక్షకోట్ల పాళ్లకు కొన్ని పాళ్లు మాత్రమే యున్నను మనుష్యుని ముక్కు దానిని పసిగట్టగలదు. చెరువు చేపకు వచ్చు బురదవాసనకును ఇట్టి ద్రవ్యమే కారణము. పులుపు తగిలిన జియోస్మిన్ విరిగి వాసన గోల్పోవునని రసాయన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చేపలను చింతపండు పులుసులో నుడికించు మన తల్లులకు ఆ ప్రయోగఫలము ఏ శాలకును పోకుండగనే తెలిసియుండెను!

ఇంతకును ఆ జీవికి వాసన యేల? 2020లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి దీనికి సమాధానము చెప్పినది. నేలపై నెగురు స్ప్రింగ్‌టెయిల్ అను చిన్న ప్రాణులు ఈ వాసనకు ఆకర్షింపబడి వచ్చి, ఆ దారములను తిని, బీజకణములను తమ శరీరమున నంటించుకొని వేరొక చోటికి మోయును. పూవు తేనెటీగను పిలిచినట్లే ఇదియును.

ఇక మందు సంగతి. పిడికెడు మట్టిలో కోట్లకొలది జీవులు ఆకలితో మెలగుచుండును. స్ట్రెప్టోమైసిస్ జాతులు పొరుగువారిని అణచు విషద్రవ్యములను పలు రకములుగ తయారుచేయును. 1943లో అమెరికా దేశమున వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అను విద్యార్థి ఇట్టి జీవినుండి స్ట్రెప్టోమైసిన్ తీసెను. క్షయరోగమునకు మొట్టమొదట గుణమిచ్చిన మందు అదియే.

దాని వెంట వచ్చినది ఆరియోమైసిన్. దాని పుట్టుక మనవారితో ముడివడియున్నది గనుక కొంత వివరముగ జెప్పెదను.

మిస్సోరి విశ్వవిద్యాలయమున శాన్‌బార్న్ క్షేత్రమను పొలము 1888నుండి ఎరువుల పరిశీలనకై సాగుచేయబడుచున్నది. అందలి 23వ మడిలో టిమొతి యను పశుగ్రాసమును పెంచుచుండిరి. డుగ్గర్ అను వృక్షశాస్త్ర పండితుడు అధ్యాపక పదవినుండి విరమించి, డెబ్బదియేండ్లు దాటిన వయసున లెడర్లీ ప్రయోగశాలలో చేరి, దేశమంతట నుండి మట్టి తెప్పించుచుండెను. అతని పూర్వ మిత్రుడగు ఆల్‌బ్రెక్ట్ అను భూశాస్త్రజ్ఞుడు 1945లో ఆ మడి మట్టిని పంపెను. అందు బంగారు వన్నె గల స్ట్రెప్టోమైసిస్ ఒకటి కనబడెను. దాని మందునకు ఆ వన్నె చేతనే ఆరియోమైసిన్ అను పేరు వచ్చెను. నేడు వాడుకలోనున్న టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది పెద్దబిడ్డ.

అప్పుడు లెడర్లీ శాలలో పరిశోధనల నధ్యక్షుడై నడపినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో మన గోదావరి దిగువనున్న భీమవరమున జన్మించిరి. అన్నదమ్ములిరువురు కొద్ది దినముల యెడముననే వ్యాధిచే మరణింపగా, వైద్యమే తన మార్గమని నిశ్చయించుకొనిరి. మద్రాసున వైద్యము చదివి, ఆయుర్వేద కళాశాలలో బోధించి, హార్వర్డునకు బోయి జీవరసాయన శాస్త్రమున పేరుగాంచిరి. రక్తములోని భాస్వరమును కొలుచుటకు 1925లో ఫిస్క్‌తో కలిసి వెలువరించిన పద్ధతి వారి పేరుతోనే చెలామణి యయ్యెను. ఆరియోమైసిన్‌ను 1948 జూలైలో న్యూయార్కు పండిత సభలో ప్రకటించిరి. మరుసటి నెలలోనే సుబ్బారావుగారు యేబదిమూడేండ్ల ప్రాయమున దివంగతులైరి. ఆ మందును మనుష్యులకు మొట్టమొదట నిచ్చి పరీక్షించినవాడు హార్లెం ఆసుపత్రిలోని నీగ్రో జాతీయుడగు వైద్యుడు లూయీ రైట్.

ఎరువుల పరీక్షకు దున్నిన మడి, మట్టి శాస్త్రజ్ఞుని స్నేహము, వృక్షశాస్త్రజ్ఞుని యోపిక, రసాయనశాస్త్రజ్ఞుని పర్యవేక్షణ, శస్త్రవైద్యుని ధైర్యము: ఇవి కలిసినప్పుడు గదా యా మందు మంచముకడకు వచ్చినది. మనము పాఠశాలలో వృక్షశాస్త్రమునకొక పుస్తకము, రసాయనమునకొక పుస్తకము వేరుచేసి పెట్టుకొన్నాము గాని, మట్టిలోని జీవి యా హద్దుల నెరుగదు.

బాక్టీరియా కణమున మాంసకృత్తులను నేయు మగ్గము వంటి భాగ మొకటి గలదు. టెట్రాసైక్లిన్ పోయి ఆ మగ్గమున కడ్డుపడును. నూలు అందక నేత నిలిచిపోవును. మన కణములలోని మగ్గము కట్టుబాటు వేరగుటచే మనకు హాని తక్కువ.

అయితే ఆ మందును తయారుచేయు జీవి తన మందుచే తానే చావకుండుట యెట్లు? నూతినుండి మోట నీటిని తోడినట్లు, మందును బయటికి తోడివేయు యంత్రము వంటిది దానికి గలదు. ఆ విద్య దాయాదులకే గాక పరజాతులకును జన్యువుల రూపమున చేతులు మారుచుండును. ఉత్తరధ్రువ ప్రాంతమున ముప్పదివేల యేండ్లుగ గడ్డకట్టియున్న మట్టిలో టెట్రాసైక్లిన్‌ను ఎదిరించు జన్యువులున్నట్లు 2011లో తేలెను. కాబట్టి ఎదురు మనుష్యుని కన్న ప్రాచీనము. మనము చేసినది, దానికి ప్రతిదినము బలము పోయుట. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపిన కోడిపిల్లలు త్వరగ పెరుగునని లెడర్లీ వారే కనుగొని 1950లో ప్రకటించిరి. నాటినుండి రోగము లేని కోళ్లును పశువులును లోకమంతట మందు తినుట కలవాటుపడెను. ఐరోపా సమాఖ్య దాని నంతయు 2006నుండి నిషేధించినది. జ్వరమునకు నాలుగు బిళ్లలు కొని, తగ్గగనే మానుకొను మన యలవాటును ఇదే కోవలోనిది.

మన పొరుగుననే జరిగిన దొకటి చెప్పవలసియున్నది. హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరులో, సుమారు తొంబది మందుల కర్మాగారముల మురుగును శుభ్రపరచు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. ఆ నీటిలో లీటరునకు 31 మిల్లిగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉండెను. అది మట్టిజీవి యిచ్చినది గాదు, రసాయనశాలలో కూర్చిన మందు. దానిని మ్రింగిన రోగి రక్తములో నుండు పాలు కన్న ఆ నీటిలోని పాలు హెచ్చు. 2009లో వచ్చిన మరియొక పరిశోధనమున ఆ ప్రాంతపు ఊళ్ల బావులలో సయితము మందుల జాడ కనబడెను. నాడు ఆ నీరు పోయినది ఇసకవాగులోనికి. ఇసకవాగు నక్కవాగున, నక్కవాగు మంజీరయందు, మంజీర గోదావరియందు కలియును. ఆ గోదావరియే పర్ణశాలను దాటి, భద్రాచలమున మెట్లు దిగినవారి పాదములను తడుపుచున్నది.