దూరాన ఉన్నా మన ఇంటివారే

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడే తల్లులను గమనించండి. "అయ్యగారూ, మా అమ్మాయి కువైట్‌లో పనిచేసే ఇల్లు మారింది, కొత్త ఇంటివారు మంచివారై ఉండేలా ప్రార్థించండి." "మా వాడికి మస్కట్‌లో రెండు నెలలుగా జీతం అందలేదు." "పెద్దమ్మాయికి డల్లాస్‌లో నెలలు నిండాయి, దగ్గర ఎవరూ లేరు." కోనసీమలో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గాని, కడప దిక్కున రాజంపేట, రాయచోటి వైపు గాని, తెలంగాణలో జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాలలో గాని గృహ దర్శనాలకు వెళ్తే గోడమీద ఫొటోలో మాత్రమే కనిపించే కుటుంబ సభ్యుడు ఏదో ఒక ఇంట ఉండనే ఉంటాడు. గుంటూరు, కృష్ణా జిల్లాలలో ఆ ఫొటో వెనుక మంచు కనిపిస్తుంది. అంతే తేడా.

ఒకప్పుడు ఈ దూరాన్ని ఉత్తరం మోసేది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు ఆ ఉత్తరాలూ ఆగిపోయాయి. మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరుకుంటే అక్కడి అమ్మాన్ నగరం నుండి ఎయిరిండియా విమానాలు సుమారు 1,70,000 మందిని స్వదేశానికి చేర్చాయి. ఆ వారాలలో మన ఇళ్లలో రేడియో చుట్టూ మోకాళ్లూనిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. బిడ్డ బ్రతికి ఉన్నాడో లేడో తెలియకపోవడం ఏమిటో వారిని అడగండి, చెప్తారు. ఆ తరువాత ఎస్.టి.డి. బూతులు ఊరూరా వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గుతుందని వరుసలో నిలబడి, గోడమీద ఎర్రగా మెరిసే అంకెలు చూసుకుంటూ మాట్లాడేవాళ్లం. 2013 జూలైలో టెలిగ్రాం కూడా ఆగిపోయింది. ఇప్పుడు ప్రతి ఇంటా ఫోను, అందులో మనిషి ముఖం.

అయినా మేము వెళ్లిన ఇళ్లలో వింటున్న మాట ఒకటే. "రోజూ మాట్లాడతాడండీ, కాని ఏమీ మాట్లాడడు." తిన్నారా, తిన్నాం. డబ్బు అందిందా, అందింది. పిల్లలు బాగున్నారా, బాగున్నారు. తరువాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోవడం. ఉత్తరం కాలంలో నెలకు ఒక్కసారే అయినా, గేదె ఈనిందనీ, మామిడి పూత రాలిందనీ, చిన్నోడికి పన్ను ఊడిందనీ నాలుగు వైపులా కిక్కిరిసి వ్రాసేవారు. ఉత్తరం మడత మీద కూడా ఖాళీ వదిలేవారు కారు.

పౌలు భక్తుడు రోమా సంఘానికి వ్రాసిన పత్రిక చివరి అధ్యాయం చాలామంది పేర్ల పట్టిక అనుకొని దాటేస్తారు. పాతికకు పైగా పేర్లు ఉన్నాయక్కడ. కాని ఆయన అందరికీ కలిపి ఒక్క వందనం పడేయలేదు. ఒకామె ఎంత ప్రయాసపడిందో, ఒక దంపతులు తన కోసం ఎలా ప్రాణాలకు తెగించారో, రూఫు తల్లి తనకు కూడా ఎలా తల్లి అయిందో విడివిడిగా గుర్తు చేశాడు. దూరాన ఉన్నవారితో మాట్లాడే పద్ధతి ఇదే. "ఎలా ఉన్నావు" అంటే "బాగున్నాను" తప్ప జవాబు రాదు. "నీ గదిలో ఉండే ఆ నెల్లూరు అబ్బాయికి జ్వరం తగ్గిందా?" అని అడిగి చూడండి. పావుగంట మాట్లాడతాడు.

డబ్బు సంగతి వేరే రోజున మాట్లాడుకోవడం మంచిదని మా అభిప్రాయం. అవసరాలు ఉంటాయి, కాదనము. కాని ఫోను మోగగానే ఫీజు, వడ్డీ, చెల్లెలి పెళ్లి మాటలే వినేవాడు కొంతకాలానికి ఫోను చూసి భయపడతాడు. ఫిలిప్పీ సంఘం పంపిన కానుకకు పౌలు కృతజ్ఞత చెప్పుతూనే, తన కన్ను ఆ కానుక మీద కాదని కూడా చెప్పాడు. పంపినవారికి ఆ ఒక్క మాట ఎంత ఊరటో!

ఇక తల్లులు వెళ్లిన ఇళ్ల సంగతి. ఇంటి పనికోసం గల్ఫ్ వెళ్లే స్త్రీలకు మన ప్రభుత్వం 30 ఏళ్ల వయసు నిబంధన పెట్టింది. అందుచేత వెళ్లేవారిలో చాలామంది బిడ్డల తల్లులే. కువైట్ 2015లో చేసిన చట్టం ప్రకారం ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని ఉండాలి. చట్టం ఉన్నా, చాలామంది తల్లుల చేతికి ఫోను వచ్చేది ఆ ఇంటివారు భోంచేసి, గిన్నెలు కడగడం అయ్యాకే. అక్కడ రాత్రి 11 అయితే ఇక్కడ ఒంటిగంటన్నర. బిడ్డ నిద్రలో ఉంటుంది. నిద్ర లేపి ఫోను ఇస్తే ఏడుస్తుంది, అవతల తల్లి కూడా ఏడుస్తుంది. కొంతకాలానికి ఆ బిడ్డ అమ్మమ్మనే "అమ్మా" అంటుంది. తల్లి ఫోనులో కనిపిస్తే పరుగెత్తి తలుపు చాటున దాక్కుంటుంది.

ఈ మాట చెప్పి కంటతడి పెట్టిన అమ్మమ్మలను మేము చూశాం. తప్పు ఎవరిది అనే విచారణ వద్దు. ఏమి చేయవచ్చో చూద్దాం. ఒక ఇంట్లో మేము కళ్లారా చూసిన పద్ధతి ఇది. ఆ తల్లి ప్రతి రాత్రీ పడుకునే ముందు రెండు నిమిషాలు మాట రికార్డు చేసి పంపుతుంది. ఆ రోజు ఆ ఇంటి పిల్లి ఏమి చేసిందో చెప్పి, చివర బిడ్డ పేరు పెట్టి చిన్న ప్రార్థన చేస్తుంది. ఉదయం అమ్మమ్మ జడ వేస్తున్నప్పుడు అది పెడతారు. బిడ్డ వింటూనే "ఆ పిల్లి మళ్లీ పాలు ఒలకబోసిందా?" అని తిరిగి అడుగుతుంది. దానినీ రికార్డు చేసి పంపుతారు. ఇద్దరూ ఒకే సమయానికి మేలుకొని ఉండవలసిన అవసరమే లేదు. ఇంకొకటి, ఆ అమ్మమ్మ చిన్న చిన్న నిర్ణయాలు కూతురికి వదిలేస్తుంది. బడి సంచి ఏ రంగుది కొనాలి, క్రిస్మస్ గౌను పొడుగుదా పొట్టిదా, దగ్గుకు డాక్టరు దగ్గరికి ఇవాళే వెళ్లాలా రేపు చూద్దామా. వీటికి ఇక్కడే జవాబు తెలుసు. అయినా అడుగుతుంది. "అమ్మ చెప్పింది" అనే మాట ఆ ఇంట్లో బ్రతికే ఉంది.

హన్నాను జ్ఞాపకం చేసుకోండి. సమూయేలును షిలోహు మందిరంలో విడిచి వచ్చిన తరువాత ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించే సమయానికి తీసుకువెళ్లేదని మొదటి సమూయేలు గ్రంథం చెబుతుంది. పక్కన లేని బిడ్డకు కొలత ఎలా తెలుస్తుంది? పోయిన ఏడు భుజం ఎక్కడికి వచ్చిందో గుర్తుంచుకొని, ఈ ఏడు ఇంత పెరిగి ఉంటాడని లెక్క వేసుకొని కుట్టి ఉంటుంది. కుట్టినన్ని రోజులూ ఆమె ఒడిలో ఉన్నది ఆ బిడ్డే కదా. మన కువైట్ తల్లులు లగేజీలో తెచ్చే గౌన్లు ఒక్కోసారి పొట్టివై ఉంటాయి. నవ్వకండి. ఆ గౌను కొలత ఆమె మనసులో ఉన్న బిడ్డది.

ఇప్పుడు అసలు చెప్పదలచిన సంగతికి వస్తాం. మన కుటుంబాలలో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. ఇక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే దూరాన ఉన్నవారికి చెప్పరు. "వాడు కంగారు పడతాడు, ఒంటరిగా ఉన్నాడు, ఏమి చేయగలడు?" అంటారు. ప్రేమతోనే అంటారు. మాకు తెలిసిన ఒక ఇంట తండ్రికి మూత్రపిండాలు పాడయ్యాయి. మస్కట్‌లోని కొడుకుతో మూడు నెలలు "గ్యాసు నొప్పి, తగ్గింది" అనే చెప్పుకొచ్చారు. ఫోనులో తండ్రి ముఖం కనిపించకుండా జాగ్రత్తపడ్డారు. చివరికి వెళ్లిన ఫోను భూస్థాపన ఎప్పుడు పెట్టాలో అడగడానికి. అతనికి సెలవు ఉంది, టికెట్టుకు డబ్బు ఉంది. వచ్చేసరికి పెట్టె మూయడానికి సిద్ధంగా ఉంది. మరణం గురించి అతను ఎవరినీ నిందించలేదు. "నాన్న మాట్లాడగలిగిన రోజుల్లో నాకెందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగాడు. తల్లి దగ్గర జవాబు లేదు. ఏడాది గడిచి జ్ఞాపకార్థ కూడికకు వచ్చినప్పుడు కూడా ఆ ఇద్దరి మధ్య ఆ ప్రశ్న అలాగే కూర్చొని ఉంది.

దీనికి ఎదురు రకం కూడా ఉంది. అక్కడ ఉద్యోగం పోయినవాడు ఆ సంగతి ఇంట్లో చెప్పక, స్నేహితుల దగ్గర అప్పు చేసి నెల నెలా పంపుతాడు. ఇక్కడ ఆ డబ్బుతో పైఅంతస్తు వేస్తుంటారు.

ఫిలిప్పీయులు ఎపఫ్రొదితును పౌలు దగ్గరికి పంపారు. అతను అక్కడ జబ్బుపడ్డాడు. ఇంటివారికి తన జబ్బు సంగతి తెలిసిందని విని అతను మరింత కలత చెందాడట. మన పిల్లలలాగే! పౌలు మాత్రం దాచలేదు. చావుకు సిద్ధమైనంత రోగి అయ్యాడని తేటగా వ్రాశాడు, దేవుడు కనికరించాడని వ్రాశాడు, అతన్ని త్వరగా పంపుతున్నానని వ్రాశాడు. ఏమి జరిగింది, ఇప్పుడెలా ఉంది, ఇక ముందేమిటి, మూడూ ఉన్నాయి. దూరదేశానికి కబురు చెప్పవలసిన తీరు అదే. డాక్టరు ఏమన్నాడు, ఇప్పుడే బయలుదేరాలా, వేచి చూడవచ్చా అన్నది ఇంట్లో ఒక్కరు, నిదానం గలవారు చెప్పాలి. కుటుంబ గ్రూపులో మేనత్త పెట్టిన కన్నీటి బొమ్మ చూసి తండ్రి జబ్బు సంగతి తెలుసుకోవలసిన గతి ఏ కొడుక్కూ పట్టకూడదు. రాలేనివారు కూడా ఉంటారు, వీసా కాగితాలు చిక్కులో ఉన్నవారు, యజమాని పంపనివారు. 2020లో విమానాలు ఆగినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రుల భూస్థాపనను ఫోనులోనే చూశారు. రాలేకపోయినా, ముందుగా తెలిస్తే ఆ తండ్రితో నాలుగు రాత్రులు మాట్లాడి, క్షమాపణ అడగవలసింది అడిగి, కలిసి ప్రార్థన చేసుకొని ఉండేవారు.

ముసలివారి సంగతి ఒకటి. "తాతయ్యకు చెవి వినబడదు, ఆయనకెందుకు ఫోను" అని పక్కన పెట్టేస్తున్నాం. రోమా పత్రికను పౌలు చెబుతుంటే చేతితో వ్రాసినవాడు తెర్తియు. చివర తన వందనం కూడా చేర్చుకున్నాడు. మన ఊళ్లలో ఒకప్పుడు చదువురాని తల్లులకు పంతులమ్మగారో, పాస్టరమ్మగారో ఇలాగే ఉత్తరాలు వ్రాసిపెట్టేవారు. ఇప్పుడు ఆ పని ఇంట్లో పదో తరగతి చదివే మనవడిది. తాతయ్య చెప్పింది టైపు చేయాలి, వచ్చిన జవాబు పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసి చేతికివ్వాలి. ఆ కాగితాన్ని ఆయన దిండు కింద పెట్టుకుంటాడు. ఫోను దిండు కింద పెట్టుకుంటే ఎవరో ఒకరు లాక్కుంటారు మరి!

అమెరికాలో పుట్టిన మనవల తెలుగు విని నవ్వే మేనమామలకు ఒక మనవి. ఆ పిల్ల "తాతయ్యా, నువ్వు బాగుంది" అన్నప్పుడు నవ్వితే, మరుసటి వారం ఫోను దగ్గరికి రాదు.

కుటుంబ ప్రార్థన సంగతికి వస్తే, కువైట్‌లో మనవాళ్ల ప్రధాన ఆరాధన శుక్రవారమే, సెలవు ఆనాడే గనుక. అక్కడి నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి, తెలుగువారూ ఉన్నారు. శుక్రవారం సాయంత్రం వారు విన్న వాక్యం ఇంట్లోవారు అడిగి తెలుసుకుంటే, ఆదివారం మనం విన్నది వారికి చెప్పవచ్చు. ఫోనులో కలిసి పాడాలని చూడకండి. మాట చేరడానికి క్షణం ఆలస్యం అవుతుంది, రెండు వైపులా పాడితే తాళం తప్పి నవ్వులాట అవుతుంది. ఒక కీర్తన ఇటువారు, ఒకటి అటువారు పాడి, మిగిలినవారు వింటే సరి. డల్లాస్‌లో ఉన్నవారికి చలికాలంలో మనతో పదకొండున్నర గంటల తేడా. మన ఆదివారం ఉదయం 9 గంటల ఆరాధన వారికి శనివారం రాత్రి తొమ్మిదిన్నర. వారు మేలుకొనే ఉంటారు, అడిగితే వస్తారు. కోడలి పుట్టింటివారిని కూడా నెలకొకసారైనా ఆ ప్రార్థనలో కలుపుకోండి, వారిని ఎవరూ తలచుకోరు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీసుకుంటాం కదా. మన చేతికి ఒకటి తీసుకున్నాక, అయ్యగారిని అడిగి, దూరాన ఉన్న ఒక్కొక్కరి పేరున ప్రార్థించి ఒక్కొక్క కార్డు తీయండి. ఫొటో పంపి, అసలు కార్డును వారి బైబిల్లోనో, సెలవుకు వస్తే పడుకునే మంచం దగ్గరో ఉంచండి. మన గుడి గంట పన్నెండు కొట్టేసరికి కువైట్‌లో రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, గిన్నెలు ఇంకా కడుగుతూ ఉంటారు. చేతులు తుడుచుకొని చూస్తారు.