అనుకృతి నుండి స్వకృతికి

తైలవర్ణములతో మానవముఖమును చిత్రింప నేర్వగోరు విద్యార్థిని ఒక మహాచిత్రము ఎదుట నిలిపి, దానిని చూచి వ్రాయుమనుట పాశ్చాత్య గురువుల పరిపాటి. ఎరవు తెచ్చుకొన్న రూపముతో స్వంత కళ అలవడునా యను సందేహము సహజమే.

రాఫేలు 1514–15 ప్రాంతమున రచించిన బాల్దస్సారె కాస్తిల్యోనె చిత్రము పారిస్ నగరమందలి లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. నల్లని టోపీ, బూడిదవన్నె దుస్తులు, తెల్లని చొక్కా, ప్రశాంతములైన నీలినేత్రములు. అందున్న సామగ్రి ఇంతే. కుంచె పట్టినవానికి గాని కష్టము తెలియదు. ఒక్కటే యనుకొన్న బూడిదవన్నెలో వెచ్చనివి, చల్లనివి పలు ఛాయలు బయటపడును. విద్యార్థి మొదట రేఖలతో కొలతలు సరిచూచుకొనును. పిమ్మట ఒకే వన్నెతో వెలుగునీడలు నిలుపును. అవి ఆరిన తరువాత పలుచని రంగుపొరలు పరచును. నూనె తక్కువగల పొర క్రిందను, ఎక్కువగల పొర పైనను ఉండవలెను. క్రమము తప్పినచో కాలక్రమమున పైపొర బీటలు వారును. కంటికొన వెంట్రుకవాసి జరిగినచో శాంతమూర్తి అనుమానముతో చూచుచున్నట్లుండును. ఎదుట మనిషి కూర్చున్నచో, అతడు కదలెనని సాకు చెప్పవచ్చును. పటము కదలదు!

నకలు మూలము కొలతకు సరిసమానముగా ఉండరాదని లూవ్ర్ నియమము. నకలును అసలుగా చెలామణి చేయు మోసమును నివారించు ఈ నియమము విద్యార్థికిని మేలే చేయును. కొలత మారుటచే ప్రతి నిష్పత్తిని అతడు తానే తిరిగి ఆలోచింపవలసి వచ్చును.

1639లో ఈ చిత్రమే ఆమ్‌స్టర్‌డాములో వేలమునకు వచ్చెను. రెంబ్రాంటు దానిని చూచి కలముతో త్వరత్వరగా గీసికొని, అది 3,500 గిల్డర్లకు అమ్ముడుపోయినట్లు ప్రక్కనే వ్రాసికొనెను. అతని గీతలో టోపీ మూలమునందుకంటె వాలుగా పడినది. మరుసటి యేడు, 34 ఏండ్ల వయసున, అతడు తన రూపమునే తైలవర్ణములతో చిత్రించుకొనెను. ఆ కూర్చున్న తీరులో రాఫేలు జాడయు, టిషియన్ జాడయు కలవు; ఆ చూపు మాత్రము రెంబ్రాంటుదే.

వ్యాసభారతమును ఎదుట నుంచుకొని తెనిగించిన తిక్కన వ్యాసుని నీడగా మిగిలిపోలేదు గదా! చేయి మాత్రమే శ్రమించినచో విద్యార్థికి దక్కునది ఒక నకలు. కన్నుకూడ శ్రమించినచో, రేపు సజీవుడైన మనిషి ఎదుట కూర్చున్నపుడు, ఆ ముఖమును చూడగల శక్తి అతనికి దక్కును. అందుకొరకే ఈ శిష్యరికము.