గింజలన్నీ మనకే... మరి చెట్టుకో?

బాదం, పిస్తా, జీడిపప్పు... డ్రైఫ్రూట్స్‌ దుకాణంలో ఈ వరస అందరికీ తెలిసిందే. వాటి పక్కనే సన్నగా, పొడవుగా, గోధుమరంగు పెంకుతో కనిపించేవి చిల్గోజాలు. కిలో ధర వేలల్లోనే! పెంకు ఒలిస్తే తెల్లటి కమ్మని పప్పు. నిజానికి అది హిమాలయాల్లో పెరిగే ఓ పైన్‌ చెట్టు విత్తనం. ఆ రుచే ఇప్పుడు చెట్టుకు ముప్పు తెచ్చిపెట్టింది.

హిమాచల్‌ప్రదేశ్‌లోని కిన్నౌర్‌ జిల్లా, చంబా జిల్లాలోని పాంగీ లోయ... మన దేశంలో చిల్గోజా అడవులకు ప్రధాన చిరునామాలు ఇవే. పాకిస్థాన్‌, అఫ్గానిస్థాన్‌ కొండల్లోనూ ఉన్నాయి. వాన తక్కువ, మంచు ఎక్కువగా ఉండే రాతి వాలుల్లో, సుమారు 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తున పెరుగుతుందీ చెట్టు. మన సరుగుడును గుర్తుచేసే సూదుల్లాంటి ఆకులతో ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. కిన్నౌర్‌లో ఈ గింజల్ని దండలుగా గుచ్చి అతిథుల మెడలో వేస్తారు. అక్కడి కుటుంబాలకు ఇవి ఆదాయం కూడా.

కొమ్మతో పాటే వచ్చే ఏడు కూడా!

పైన్‌ చెట్లకు పండ్లుండవు. చెక్క పొలుసులు పేర్చినట్లుండే కోన్‌లలో విత్తనాలు దాగి ఉంటాయి. చిల్గోజా కోన్‌ పక్వానికి రావడానికి రెండో ఏడాది శరత్కాలం దాకా ఆగాలి. అంటే కోతవేళ ఒకే చెట్టు మీద ముదురు కోన్‌లూ, మరుసటి ఏటి పిందెలూ కలిసే ఉంటాయన్నమాట. తొందరలో కొమ్మను నరికేస్తే రెండేళ్ల పంట ఒక్క దెబ్బతో పోయినట్లే!

పైగా కోన్‌ విచ్చుకోక ముందే కోసేస్తారు. కుప్ప పోసి, ఎండబెట్టి గింజలు తీస్తారు. అందుకే నేలకు రాలేవి తక్కువ. చాలా పైన్‌ జాతుల విత్తనాలు రెక్కతో గాలిలో ఎగిరిపోతాయి. బరువైన చిల్గోజాకు ఆ అవకాశం లేదు. మిగిలిన నాలుగు గింజలూ పక్షులు, ఎలుకల పాలు. మొలిచినవి మేకలు, గొర్రెల నోట పడతాయి. ఫలితం... పెద్ద చెట్లున్న చోట కూడా పిల్ల మొక్కలు అరుదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ చెట్టును ప్రమాదానికి చేరువైన జాతుల్లో చేర్చింది. అది చాలదన్నట్లు 2022 మేలో పాకిస్థాన్‌లోని షేరానీ ప్రాంతంలో చెలరేగిన కార్చిచ్చు చిల్గోజా అడవిని పెద్ద ఎత్తున బూడిద చేసింది.

నారు పెంచడం ఓ తపస్సు

అందుకే ఇప్పుడు నర్సరీలే ఆశ. శిమ్లాలోని హిమాలయన్‌ అటవీ పరిశోధన సంస్థ లాంటివి ఈ పనిమీద దృష్టి పెట్టాయి. ముందుగా కావాల్సింది తాజా విత్తనం. నూనె ఎక్కువ కాబట్టి నిల్వ ఉన్నకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతుంది. నీళ్లలో వేస్తే తేలేవి చాలావరకు తాలు. మునిగినవాటిని ఒక రోజు నానబెట్టి, తడి ఇసుకలో కలిపి కొన్ని వారాలు చల్లని చోట ఉంచితే మేలు. తర్వాత లోతైన గొట్టాల్లాంటి సంచుల్లో సుమారు రెండు సెంటీమీటర్ల లోతున నాటాలి. లోతు ఎందుకంటే తల్లివేరు ముందు కిందికి పరుగెడుతుంది. పైన మాత్రం తొలి ఏడాది కొద్ది సెంటీమీటర్లే!

మట్టిలో పైన్‌ అడవి మన్ను కాస్త కలుపుతారు. అందులోని మేలుచేసే శిలీంధ్రాలు వేళ్లకు నీరు, పోషకాలు అందించడంలో సాయపడతాయి. నీరు ఎక్కువైతే నారుకుళ్లు తప్పదు. పక్షులు, ఎలుకలు రాకుండా వల కట్టాల్సిందే. కొన్నేళ్లు ఇలా సాకాకే మొక్క కొండ ఎక్కుతుంది.

దుకాణంలో కొన్న గింజను కుండీలో వేసి చూద్దామనుకుంటున్నారా? వేయించిందైతే మొలవదు. మొలిచినా మన ఎండలకు నిలవడం కష్టం.

నర్సరీ ఒక్కటే సరిపోదు. కొమ్మ నరక్కుండా కోన్‌ను మాత్రమే కోయాలి. కొన్ని చెట్లనైనా కోతకు దూరంగా విత్తనం కోసం వదలాలి. మొలకలున్న చోట కొన్నేళ్లు మేత ఆపాలి. ఈ మూడూ ఊరివాళ్లు కలిసి నిర్ణయించుకుంటేనే సాధ్యం. ఎందుకంటే చిల్గోజా కాపుకు రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పడుతుంది. ఈరోజు నాటినవారి పిల్లలు పెద్దయ్యాకే ఆ చెట్టెక్కి కాయ కోస్తారు.