లింగంపల్లిలో మాయాబజారు

అమెరికాలో పేరుమోసిన నాటకాలలో థార్న్‌టన్ వైల్డర్ వ్రాసిన 'అవర్ టౌన్' ఒకటి. 1938లో అది మొదట ఆడినప్పుడు సీనరీ అన్నది లేదు. బల్లలు, కుర్చీలు చాలుననుకున్నారు. బడిపిల్లలు సైతం దానిని ఆడేయగలరు. మన సురభివారి 'మాయాబజారు' సంగతి అలా కాదు. దానికి చుట్టలు చుట్టలుగా తెరలు కావాలి, వాటిని లాగే మనుషులు కావాలి.

ఆ మనుషులెక్కడో లేరు. హైటెక్ సిటీ స్టేషనులో రైలెక్కితే హఫీజుపేట, చందానగర్ దాటగానే లింగంపల్లి. సురభి కుటుంబాల కాలనీ ఆ ప్రాంతంలోనే వున్నది.

వీరి పూర్వులు తోలుబొమ్మలాడించినవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భాన 'కీచకవధ' ఆడారు. వనారస గోవిందరావుగారు ఆద్యులు. ఆడవేషాలు మగవారే కట్టే ఆ రోజులలో వీరు తమ యింటి ఆడపడుచులనే రంగమెక్కించారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి సురభి కమలాబాయిగారే. యింకో విశేషం: వీరు యింట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ! రంగంమీద పద్యమెత్తుకుంటే మాత్రం తెలుగు పంతుళ్ళం చెవులు రిక్కించవలసిందే.

1957లో కె.వి. రెడ్డిగారి 'మాయాబజార్' వచ్చింది. అందులో మాయ కెమేరాది. యిక్కడి మాయ చేతులది. నారదుడు మేఘాలలోంచి దిగుతున్నాడంటే పైన యెవరో తాడు వదులుతున్నారన్నమాట. బాణాలు నిప్పులు కక్కుతూ నడిమింట ఢీకొన్నాయంటే తెర చాటున తీగ బిగించినవారు వేరే వున్నారు. వారు వేషధారికి తండ్రో, బావో, మేనత్తకొడుకో అయివుంటారు. యింటిల్లిపాదీ కలిస్తేనే ఆట.

శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన నాగేశ్వరరావుగారికి, అంటే అందరూ 'బాబ్జీ' అనే పెద్దమనిషికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు. ఒకనాడు వూరూరా తిరిగిన సురభి సమాజాలను యిప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పిల్లలు చదువుకుంటున్నారు, చుట్టూ కంపెనీల కొలువులు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం వద్దనమని వారికి చెప్పే హక్కు, టిక్కెట్టు కొనని మనకెక్కడిది? కాని తీగ యెంత బిగించాలో యే పుస్తకంలోనూ లేదు. తండ్రి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

యీసారి ఆట పడినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. ముందు వరుసలో ఓ పక్కగా కూర్చుంటే తీగ కనబడుతుంది. కనబడితే పిల్లలకు మరీ సంతోషం!