ఏ ఓటరు జాబితాలోనూ లేని మనం

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు మీద ట్రంప్ సంతకం చేశారు. శనివారం అర్ధరాత్రి దాటగానే అమలు. పక్కనే ఉన్న వాణిజ్య మంత్రి లట్నిక్ అది ఏటా కట్టాలన్నట్టు మాట్లాడారు. ఆ ఆదివారమే ఎంగిలిపూల బతుకమ్మ. పండక్కని కరీంనగర్ వెళ్ళిన మా పక్కింటమ్మాయికి "వెంటనే వచ్చేయండి" అని ఆఫీసు నుంచి మెయిల్. మా వాట్సాప్ గ్రూపులో తెల్లవార్లూ టికెట్ల ధరలే! ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి, రెన్యువల్స్‌కి ఇది వర్తించదని వైట్‌హౌస్ శనివారం గానీ చెప్పలేదు.

ఆ ఒక్క ముక్క శుక్రవారమే చెబితే ఏం పోయేది? నాకు తోచిందేమంటే, ఆ ప్రకటన మనకోసం చేసింది కాదు. "మన ఉద్యోగాలు మనకే" అంటే చప్పట్లు కొట్టే ఓటరు కోసం చేసింది. కానీ హెచ్-1బీల్లో 70 శాతం పైగా భారతీయులవే. అందుకే ఇంట్లో చప్పట్ల కోసం అన్న మాట ఢిల్లీతో పేచీ అయింది. కుటుంబాలు చెల్లాచెదురవుతాయని, ఇది మానవతా సమస్య అని మన విదేశాంగ శాఖ ప్రకటన ఇచ్చింది.

అలాగని ఇటువైపు ఓటర్ల లెక్కలు లేవని కాదు. వాణిజ్య చర్చల్లో పాడి దగ్గర బండి ఆగింది. మాంసం కలిసిన దాణా తిన్న ఆవుల పాలు మనవాళ్ళు ఒప్పుకోరు. అందులో నమ్మకమూ ఉంది, కోట్లమంది పాడి రైతుల ఓట్లూ ఉన్నాయి. రైతుల విషయంలో రాజీపడేది లేదని ఆగస్టు 7న మోదీ అన్నారు. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతమైంది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకట. మనకన్నా ఎక్కువ కొన్న చైనాకి మాత్రం అప్పుడు ఆ జరిమానా వెయ్యలేదు.

మన రొయ్యలకి అమెరికాయే పెద్ద మార్కెట్. భీమవరం దగ్గర చెరువులున్న మా చిన్నాన్న ఫోన్‌లో, "అమ్మాయ్, ఆ చమురు నేను గానీ కొన్నానా?" అన్నాడు. ఏం చెప్పను?

హెచ్-4 మీద ఉన్న మనకి ఇక్కడ ఓటు లేదు. ఇండియాలో ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చని 2010లో చట్టం మార్చారు. కాకపోతే ఓటెయ్యాలంటే టికెట్ కొనుక్కుని వెళ్ళి, మన ఊరి బూత్ ముందు వరసలో నిలబడాలి.